మన నోటికి ఫ్రెంచ్ – 9వ పాఠం: పల్లెటూరి ఫ్రెండ్స్ దగ్గర సెలవు తీసుకోవడం

పోయినసారి భోజనం దగ్గర మాటలు నేర్చుకున్నాం, ఈసారి అదే ఇంట్లోంచి వెళ్ళొస్తామని చెప్పడం నేర్చుకుందాం. అరసున్నా పెట్టిన చోట ముక్కుతో పలకాలి, చివర "న్" వినపడకూడదు, గుర్తుంది కదా.

ఇండియాకి వచ్చేసే ముందు నేను ఫ్రాన్స్‌లోని బోర్దో నుంచి ట్రైన్‌లో సర్లా అనే ఊరికి వెళ్ళా, అక్కడ మా ఫ్రెండ్స్‌కి వాల్‌నట్ తోట ఉంది, అక్టోబర్ కాబట్టి చెట్ల కింద నేలంతా కాయలే, వాళ్ళతో పాటు ఏరుతూనే ఉన్నా గానీ వెళ్ళిపోతున్నానని ఎలా చెప్పాలా అన్నదే మనసులో.

మనం "తిరిగి వెళ్తున్నా" అనేదానికి వాళ్ళకి మూడు క్రియలు ఉన్నాయి. రాఁత్రే అంటే సొంత ఇంటికి, సొంత ఊరికి చేరడం. రతూర్నే అంటే ఇదివరకు వెళ్ళిన చోటికి మళ్ళీ వెళ్ళడం. రవ్‌నీర్ అంటే ఇప్పుడున్న ఈ చోటికే తిరిగి రావడం. మీరు "జ రతూర్న్ ఆన్నాఁద్" (ఇండియాకి తిరిగి వెళ్తున్నా) అంటే తప్పేం కాదు, కానీ ఇంకో ట్రిప్ వేస్తున్నారేమో అనుకోవచ్చు. "జ రాఁత్ర్ ఆన్నాఁద్" అనండి, ఇంటికి వెళ్ళిపోతున్నారని వెంటనే తెలుస్తుంది. పక్కన "దెఫినితివ్‌మాఁ" చేరిస్తే ఇక అక్కడే ఉండిపోతున్నానని. ఇది ఇంగ్లీషు డెఫినెట్లీ లాంటిదే అనుకుని "తప్పకుండా" అనే అర్థంలో వాడేస్తుంటారు చాలామంది, అది కాదు, "ఇక శాశ్వతంగా" అని. ఎదుటివాళ్ళ గుండె కలుక్కుమనే మాట, చూసి వాడండి.

ఇప్పుడు అసలైన వాక్యం. "తు మ మాఁక్." ఇంగ్లీషు "ఐ మిస్ యూ" లోంచి ఆలోచిస్తే ఇది తలకిందులుగా కనిపిస్తుంది, "జ త మాఁక్" అనేస్తారు, దానికి అర్థమేమో నేను లేక నీకు వెలితిగా ఉంది అని! తెలుగులోంచే రండి, "నువ్వు లేక నాకు వెలితిగా ఉంది", నువ్వు ముందు, నాకు తర్వాత, వాళ్ళ వరసా అదే. ఇద్దరు ముగ్గురికి చెప్పాలన్నా, పెద్దవాళ్ళకైనా "వూజలే మ మాఁకే", మీరు లేక నాకు వెలితిగా ఉంటుంది అని.

ఆ రాత్రి వెల్లుల్లి సూప్ అయిపోవచ్చాక వాళ్ళింటి పెద్దాయన ప్లేటులో మిగిలిన కాస్త సూప్‌లో రెడ్ వైన్ పోసుకుని ప్లేటెత్తి తాగారు, అక్కడి పాత అలవాటు అది, షబ్రో అంటారు. తాగి నా వైపు చూసి "తు రవియాఁ కాఁ?" అన్నారు. మళ్ళీ ఎప్పుడొస్తావ్ అని. ఆయన ఉన్న చోటికి కదా, అందుకే రవ్‌నీర్.

ప్రాక్టీస్: "ఇంటికి వెళ్ళిపోతున్నా", "మీరు లేక నాకు వెలితిగా ఉంటుంది" ఈ రెండూ పైకి చదువుతూ పదిసార్లు అనండి. తర్వాత ఆయన ప్రశ్నకి మీ జవాబు చెప్పండి. నేను చెప్పింది ఇది: "జ రవియాఁ పూర్ లే న్వా." వాల్‌నట్స్ కాలానికి వస్తా.