లేజర్‌తో టెరాహెర్ట్జ్ తరంగాలు – 3వ పాఠం: అడుగులో అడుగు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం: 100 ఫెమ్టోసెకన్ల లేజర్ పల్స్‌లో పౌనఃపున్యాలు ఎంత వెడల్పున పరుచుకుని ఉంటాయి? గాసియన్ (గంట ఆకారపు) పల్స్‌కు 0.44ను ఆ కాలంతో భాగిస్తే 4.4 టెరాహెర్ట్జ్ (ఒక టెరాహెర్ట్జ్ అంటే సెకనుకు లక్ష కోట్ల కంపనాలు) వెడల్పు వస్తుంది. ఈ వెడల్పులోని పౌనఃపున్యాల మధ్య తేడాలే స్ఫటికంలో టెరాహెర్ట్జ్ తరంగాలుగా పుడతాయి. దీని పేరు ఆప్టికల్ రెక్టిఫికేషన్.

అలాగైతే ఏ నాన్‌లీనియర్ స్ఫటికమైనా (బలమైన కాంతి పడితే కొత్త పౌనఃపున్యాలు పుట్టించేది), ఎంత మందమైనా పనికిరావాలి కదా? రాదు. లేజర్ పల్స్ దారి పొడవునా టెరాహెర్ట్జ్ తరంగాన్ని పుట్టిస్తూ పోతుంది. ఇందాక పుట్టినదీ ఇప్పుడు పుడుతున్నదీ అడుగులో అడుగు వేస్తేనే బలం పెరుగుతుంది. అడుగు తప్పితే కొత్తది పాతదాన్ని చెరిపేస్తుంది. తప్పకుండా సాగే దూరమే కొహెరెన్స్ పొడవు. టెరాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యాన్ని, స్ఫటికంలో లేజర్‌కూ టెరాహెర్ట్జ్‌కూ ఉన్న వక్రీభవన గుణకాల తేడాకు రెట్టింపుతో భాగిస్తే అది వస్తుంది.

1 టెరాహెర్ట్జ్ అంటే తరంగదైర్ఘ్యం 300 మైక్రాన్లు. 800 నానోమీటర్ల లేజర్‌తో జింక్ టెల్యూరైడ్‌లో ఈ తేడా సుమారు 0.05. అంటే 3 మిల్లీమీటర్లు, హాయిగా సరిపోతుంది.

ఇక్కడే నేను మొదట్లో బోల్తా పడ్డాను. లేజర్ వైపు మామూలు గుణకం 2.85 వేసుకుంటే జవాబు అర మిల్లీమీటరు కూడా రాదు, మంచి స్ఫటికాన్ని పనికిరాదని పక్కన పెట్టేస్తాం. పల్స్ మొత్తంగా కదిలే వేగం కావాలి కాబట్టి, వేయాల్సింది గ్రూప్ గుణకం. అది దాదాపు 3.2.

ఇక లిథియం నయోబేట్. లేజర్‌కు గ్రూప్ గుణకం 2.2, టెరాహెర్ట్జ్‌కు గుణకం 5. తేడా 2.8, కొహెరెన్స్ పొడవు 54 మైక్రాన్లే. అయినా దీన్ని వదులుకోలేం. దీని నాన్‌లీనియర్ గుణకం (కొత్త పౌనఃపున్యాలు పుట్టించే సామర్థ్యం) జింక్ టెల్యూరైడ్ కంటే రెట్టింపుకు పైనే. పైగా జింక్ టెల్యూరైడ్ బ్యాండ్ గ్యాప్ (స్ఫటికం కాంతిని మింగడానికి కావలసిన కనీస శక్తి) 2.26 ఎలక్ట్రాన్ వోల్టులే. 800 నానోమీటర్ల ఫోటాన్లు రెండు కలిస్తే 3.1. లేజర్ శక్తి పెంచేకొద్దీ స్ఫటికమే దాన్ని మింగేస్తుంది. లిథియం నయోబేట్‌లో గ్యాప్ 4 దగ్గర ఉంది కాబట్టి ఆ బెడద లేదు.

మరి వేగం తేడా? 2002లో యానోష్ హెబ్లింగ్ బృందం ఉపాయం చెప్పింది: పల్స్ ముఖాన్ని ఏటవాలుగా వంచడం. అప్పుడు టెరాహెర్ట్జ్ తరంగం ఆ వాలుకు లంబంగా బయల్దేరుతుంది. ఆ దిశలో లేజర్ వేగంలో కొంత భాగమే లెక్కకొస్తుంది, రెండూ సరిపోతాయి. ఎంత వంచాలో మీరే కట్టండి: కోణం కొసైన్ అంటే లేజర్ గ్రూప్ గుణకాన్ని టెరాహెర్ట్జ్ గుణకంతో భాగించడమే. జవాబు 64 డిగ్రీల దగ్గర రావాలి. 26 వస్తే మీరు సైన్ నొక్కారన్నమాట. గ్రేటింగ్‌తో (సన్నని గీతలున్న పలకతో) పల్స్‌ను వంచడం వచ్చే పాఠంలో.