కేంద్రంలో సర్కారు గట్టిదా కాదా: నేను లెక్క చూసుకునే పద్ధతి

తిరుపతిలో పోస్టాఫీసు కౌంటరు వెనక ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నాను. రిటైరైనాక పొద్దున్నే టీ అంగడికి పోతే కుర్రోళ్లు అడిగేది ఒకటే: "ఈ సర్కారు నిలబడతాదా సార్?" ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక, రాసి పెడుతున్నాను.

మొదట ఒక కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. సొంత పార్టీ బలం ఒకదాంట్లో, మంత్రి పదవులు తీసుకుని లోపల కూర్చున్న మిత్రులు రెండోదాంట్లో, బయటి నుంచి మద్దతిచ్చేవాళ్లు మూడోదాంట్లో. లోక్‌సభలో 543 సీట్లు, దాటాల్సిన గీత 272. 2024 జూన్‌లో నేను గీసుకున్న కాగితంలో బీజేపీ 240, మిత్రులతో కలిపి 293. అక్కడితో ఆగిపోవద్దు, తీసివేతలు కూడా చెయ్యండి. మన తెలుగుదేశం 16 తీసేస్తే 277, గండం లేదు. బీహారు జేడీయూ 12 తీసేస్తే 281, అప్పుడూ లేదు. రెండూ ఒకేసారి లేచిపోతే 265. అంటే ఇద్దరికీ ఒకే రోజు కోపం రాకుండా చూసుకోవడమే ప్రధాని పని. టీవీలో గంట చర్చ కంటే ఈ తీసివేత ఎక్కువ చెబుతుంది.

మూడో గడిలో అంకె పెద్దదైతే మాత్రం జాగ్రత్త. బాధ్యత లేకుండా తాళంచెవి మాత్రం జేబులో పెట్టుకున్నవాళ్లు వీళ్లు. 1990 నవంబరులో చంద్రశేఖర్ ఆ మద్దతుతోనే కుర్చీ ఎక్కి, 1991 మార్చిలో రాజీనామా ఇచ్చినాడు. పూర్తి బడ్జెట్ పెట్టలేక కొన్ని నెలల ఖర్చుకు మాత్రం సభ అనుమతి తీసుకునే ఓటాన్ అకౌంట్‌తో సరిపెట్టినారు. ఆ ఏడాదే విదేశీ మారకం అడుగంటి, దేశం బంగారం తాకట్టుకు పోయింది. దేవెగౌడది, గుజ్రాల్‌ది కూడా అదే కథ. రెండేళ్లు తిరక్కుండానే ఇద్దరు ప్రధానులు.

పెద్ద అంకె ఉంటే చాలని కూడా అనుకోవద్దు. 1984లో కాంగ్రెస్‌కు నాలుగువందలు దాటినాయి, 1989లో 197కు దిగింది. పీవీ నరసింహారావు గారికి 1991లో మెజారిటీయే లేదు. 1993 జూలైలో అవిశ్వాసం 251 - 265తో వీగిపోయింది, ఆయన అయిదేళ్లూ నడిపినాడు. ఆ ఓట్ల వెనక లంచాల కేసు కూడా నడిచింది, దాన్ని దాచిపెట్టి పొగడలేను. పార్టీ మారితే పదవి పోయే ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది. మంత్రులు సభ బలంలో 15 శాతం దాటకూడదని 2003లో కట్టినారు. ఇవి కంచెలు. దూకేవాడు ఎట్లాగూ దూకుతాడు.

ఇక నేను అన్నిటికంటే నమ్మే పరీక్ష. 1999 ఏప్రిల్ 17, శనివారం. పక్కింట్లో టీవీ ముందు ఇరవై మందిమి. వాజ్‌పేయి సర్కారుకు 269, ఎదురుగా 270. ఒక్క ఓటు! ఒడిశా ముఖ్యమంత్రి అయినాక కూడా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ వచ్చి ఓటేసినాడు. వెయ్యాలా వద్దా అన్నది ఆయన మనస్సాక్షికే వదిలేసినాడు స్పీకరు బాలయోగి. మన తిరుచానూరు అనంతశయనం అయ్యంగార్ ఒకప్పుడు కూర్చున్న కుర్చీ అది.

సోమవారం కౌంటరు తెరవగానే తిరుచానూరు నుంచి పూలమ్మే అవ్వ వచ్చింది. చేతిలో నెలనెలా కట్టే ఆర్‌డీ పుస్తకం, అట్ట మీద పసుపు మరక. "సర్కారు పడిపోయిందంట గదా నాయనా, నా దుడ్లు?" అని అడిగింది. నేనేమీ చెప్పలేదు. పుస్తకం తీసుకుని, ఆ నెల కంతు రాసి, తేదీ ముద్ర కొట్టి చూపించినాను. ముద్రను వేలితో తడిమింది, సిరా ఆరలేదు, వేలికి అంటుకుంది. కొంగుతో తుడుచుకుని పోయింది. మళ్లీ నెల కూడా వచ్చి కట్టింది.

మే నెలలో కార్గిల్ మొదలైంది. సభలో ఓడిపోయిన ఆపద్ధర్మ ప్రభుత్వమే ఆ యుద్ధం నడిపింది. సైన్యం ఆగలేదు, జీతాలు ఆగలేదు, సెప్టెంబరులో ఎన్నికలు మొదలైనాయి. అందుకే సర్కారు బలం చూడాలంటే, అది పడ్డ మర్నాడు ఏ ఆఫీసు తలుపు మూసింది అని చూస్తాను. సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక సభ ముందుకు వస్తోందా, కోర్టు చెప్పిన మాట చెల్లుతోందా, బలం ఉందో లేదో సభలోనే తేల్చమని 1994లో బొమ్మై కేసులో చెప్పిన తీర్పు పాటిస్తున్నారా, గవర్నరు బంగళాలో తేలుస్తున్నారా, ఇవి కూడా కాగితం వెనక రాసుకోండి.

గళ్లలో అంకెలు మాత్రం పెన్సిల్‌తోనే వెయ్యండి. ఉప ఎన్నిక వచ్చినప్పుడల్లా చెరిపి దిద్దాల్సి వస్తుంది. నా 2024 కాగితం ఇప్పటికే రెండుచోట్ల చిరిగింది.