పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను విదేశీ చదువుకు పంపడం ఎలా?

పదో తరగతి పూర్తికాగానే పిల్లలను బ్రిటన్‌కో, కెనడాకో పంపాలనుకునే తెలుగు కుటుంబాలు చెన్నైలో నాకు తరచుగా తారసపడుతుంటాయి. వారిలో చాలామంది మార్కులు, ఫీజులు, బ్యాంకు నిల్వల గురించే ఆలోచిస్తారు. అవీ అవసరమే. కానీ చట్టం దృష్టిలో మైనర్ తన తరఫున తాను పూర్తి బాధ్యత తీసుకోలేడు కనుక, ఏ దేశమైనా ముందుగా చూసేది రెండు విషయాలు: తల్లిదండ్రులు రాతపూర్వకంగా సమ్మతించారా, అక్కడ బిడ్డ బాగోగులు చూసే బాధ్యత ఎవరిది?

అందుచేత దరఖాస్తు కంటే ముందు, కనీసం ఏడాది ముందుగా, పేర్లు సరిచూసుకోవాలి. ఇంటిపేరును ముందు రాసుకోవడం మన అలవాటు. ఇక్కడి బడుల్లోనేమో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్నే ఇనీషియల్‌గా రాయడం పరిపాటి. ఫలితంగా జనన ధ్రువీకరణ పత్రంలో ఒక రూపం, బడి రికార్డులో మరొకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి చేరతాయి. సమ్మతి పత్రంపై సంతకం చేసినవారే తల్లిదండ్రులని నిరూపించేది జనన ధ్రువీకరణ పత్రమే కాబట్టి, తల్లి పేరు అందులో పుట్టింటి ఇంటిపేరుతోనూ, ఆమె పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరుతోనూ ఉన్నా చిక్కే. మా అక్క కూతురి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. సీటు వచ్చిన తర్వాత అఫిడవిట్ల కోసం తిరగవలసి వచ్చింది. కొందరి జనన నమోదులో అసలు బిడ్డ పేరే ఉండదు. పేరును 12 నెలల లోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్ల లోపు ఆలస్య రుసుముతో చేర్పించుకోవచ్చు. పద్నాలుగేళ్ల బిడ్డ ఉన్న ఇంట్లో ఆ కాగితాన్ని ఈ రోజే తీసి చూడడం మంచిది.

తరువాతి పని పాస్‌పోర్టు. సాలిగ్రామం, అమింజికరై, తాంబరం కేంద్రాల్లో ఎక్కడికి వెళ్లినా, మైనర్ దరఖాస్తుతో పాటు తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనెక్షర్ డి అనే సమ్మతి పత్రం ఇవ్వాలి; ఒకరి సమ్మతి దొరకని పరిస్థితిలో దాని బదులు అనెక్షర్ సి ఉంటుంది. మైనర్ పాస్‌పోర్టు అయిదేళ్లు గానీ, పద్దెనిమిదేళ్లు నిండేవరకు గానీ, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. పదిహేనేళ్లు దాటినవారు పదేళ్ల పాస్‌పోర్టు కోరవచ్చు. నా అభిప్రాయంలో అదే మేలు, లేకపోతే చదువు మధ్యలో పరాయి దేశంలో దాన్ని మార్చుకోవలసి వస్తుంది.

ఇక దేశాన్ని బట్టి నిబంధనలు మారతాయి. బ్రిటన్‌లో 4 నుంచి 17 ఏళ్ల పిల్లలు చైల్డ్ స్టూడెంట్ వీసాపై, విదేశీ విద్యార్థులను చేర్చుకునే స్పాన్సర్ అనుమతి ఉన్న ప్రైవేటు బడుల్లోనే చేరగలరు. తల్లిదండ్రులు రాసే పత్రంలో వీసా దరఖాస్తుకు, ప్రయాణానికి, అక్కడి నివాస సంరక్షణ ఏర్పాట్లకు, ఈ మూడింటికీ సమ్మతి విడివిడిగా కనిపించాలి. పదహారేళ్ల లోపు బిడ్డ దగ్గరి బంధువు కాని వారి ఇంట్లో 28 రోజులు లేదా అంతకు మించి ఉండబోతే, అక్కడి స్థానిక ప్రభుత్వానికి తెలియజేయాలి. ఆరు నెలలకు మించి ఉండదలచినవారు ఇక్కడే అధీకృత క్లినిక్‌లో క్షయ పరీక్ష చేయించుకోవాలి.

కెనడాలో తల్లిదండ్రులు వెంట లేని, పదిహేడేళ్లు నిండని విద్యార్థికి కస్టోడియన్, అంటే అక్కడ బాధ్యత వహించే సంరక్షకుడు, తప్పనిసరి. ఆ వ్యక్తి కెనడా పౌరుడు గానీ, శాశ్వత నివాసి గానీ అయి ఉండాలి. ఐఎంఎం 5646 పత్రంలో ఒక పేజీని ఆయన కెనడాలోనూ, రెండో పేజీని తల్లిదండ్రులు ఇక్కడా నోటరీ ముందు సంతకం చేయాలి. మేజర్ అయ్యే వయసు అంటారియోలో 18, బ్రిటిష్ కొలంబియాలో 19 అని కూడా గుర్తుంచుకోవాలి.

ఆస్ట్రేలియాలో మూడు మార్గాలున్నాయి: తల్లి గానీ తండ్రి గానీ గార్డియన్ వీసాపై వెంట వెళ్లడం, 21 ఏళ్లు నిండిన తగిన బంధువును సంరక్షకుడిగా చూపడం, లేదా విద్యాసంస్థ తానే వసతి, సంక్షేమ బాధ్యత తీసుకుంటూ లేఖ ఇవ్వడం. మూడో మార్గంలో వెళ్లే విద్యార్థి, ఆ లేఖలోని ప్రారంభ తేదీకి ముందు ఆ దేశంలో అడుగుపెట్టకూడదు. కనుక ఆ తేదీ చూశాకే టికెట్ కొనాలి. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసాపై ప్రభుత్వ బడిలో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు మాత్రమే, అదీ గరిష్ఠంగా 12 నెలలే, పూర్తి ఖర్చు చెల్లించి చదవాలి. ప్రైవేటు బడులకు ఈ పరిమితి లేదు.

సంరక్షకుడిని ఎంచుకునేటప్పుడు బంధుత్వం కంటే దూరం ముఖ్యమని నా నమ్మకం. బడికి రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మేనమామ కాగితం మీద సరిపోవచ్చు గానీ, అర్ధరాత్రి జ్వరం వస్తే ఆసుపత్రికి రాలేడు. అత్యవసర వైద్యానికి సమ్మతి ఎవరివ్వాలో, సెలవుల్లో హాస్టల్ మూసినప్పుడు బిడ్డ ఎక్కడుంటుందో ఆయనతో ముందే మాట్లాడి రాసిపెట్టుకోవాలి.

తల్లిదండ్రులు విడిపోయి ఉంటే, బిడ్డ సంరక్షణపై కోర్టు ఉత్తర్వు ధ్రువీకృత ప్రతిని జతచేయాలి. తండ్రి గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తుంటే, ఆయన సంతకాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసి తెప్పించుకోవాలి. దీనికి పట్టే రోజులను ముందే లెక్కలో వేసుకోవాలి. మైనర్ పేరిట ఫీజు పంపేటప్పుడు బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపేందుకు ఇచ్చే ఎ2 పత్రంపై సహజ సంరక్షకుడి (తండ్రి లేదా తల్లి) సంతకం కూడా ఉండాలి.

ప్రయాణం రోజున సమ్మతి పత్రం, జనన ధ్రువీకరణ పత్రం, బడి లేఖ, సంరక్షకుడి చిరునామా, ఫోను నంబరు ఉన్న కాగితం బిడ్డ చేతిసంచిలోనే ఉండాలి. దిగిన చోట ఇమిగ్రేషన్ అధికారి వాటిని అడిగే వేళకు చెకిన్ చేసిన పెట్టె ఇంకా బయటికి రాదు.