ఇంటి తొట్టెలో చెర్రీ రొయ్యలు చనిపోతుంటే కారణం వెదకడం ఎలా

20 లీటర్ల తొట్టెలో (అక్వేరియంలో) పెంచుతున్న చెర్రీ రొయ్యలు, అంటే చిన్న ఎర్రని మంచినీటి రొయ్యలు, వరుసగా చనిపోతుంటే నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపాలనిపిస్తుంది. కారణం తెలియకముందే ఆ పని చేస్తే పరీక్షకు పాత నీళ్లు మిగలవు, బతికున్న రొయ్యలు ఆ మార్పును తట్టుకోలేకపోవచ్చు. ముందుగా ఒక గ్లాసుడు నీళ్లు తీసి పక్కన పెట్టుకోవాలి. తర్వాత అడుగున పడి ఉన్నది నిజంగా రొయ్యేనా అని చూడాలి. ఎదిగేకొద్దీ రొయ్య విడిచే పాత గుల్ల అయితే పారదర్శకంగా, ఖాళీగా, వీపు మీద చీలి ఉంటుంది. చనిపోయిన రొయ్య ఉడికినట్టు తెల్లబారి గులాబీ రంగుకు తిరుగుతుంది. గుల్లను తీయనక్కరలేదు, మిగతా రొయ్యలే తింటాయి. చనిపోయినదాన్ని మాత్రం వెంటనే తీసేయాలి.

ఆపైన చావులు ఎంత వేగంగా జరుగుతున్నాయో గమనించాలి. చేపలు బాగానే ఉండి, రొయ్యలు మాత్రం కొన్ని గంటల్లోనే గుంపుగా పడిపోతే విషాన్ని అనుమానించాలి. పురుగులను చంపే మందులు రొయ్యలకూ ప్రాణాంతకమే. దోమల లిక్విడ్ మెషిన్ పెట్టిన గదిలో ఎయిర్ పంప్ నడుస్తుంటే, అది ఆ గాలినే పీల్చి నీటిలోకి పంపుతుంది. మన ఇళ్లలో ఎవరూ అనుమానించని కారణం ఇదేనని నా అభిప్రాయం. పెస్ట్ కంట్రోల్ చేయించడం, పురుగుమందు కొట్టిన కొత్త మొక్కలను కడగకుండా నాటడం, రాగి కలిసిన చేపల మందో నత్తల మందో వేయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఉన్న ఏ మందూ రొయ్యల తొట్టెలో పడకూడదు. విషమని తేలితే బతికినవాటిని, అదే ఉష్ణోగ్రతలో బాగా నడుస్తున్న మరో తొట్టె ఉంటే అందులోకి మార్చాలి. లేకపోతే క్లోరిన్ తీసిన నీటితో కొంచెం కొంచెంగా చాలాసార్లు మార్చుతూ, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాలి.

తొట్టె పెట్టి నెల కూడా కాకపోతే అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు ముందు చేయాలి. రెండూ సున్నా ఉండాలి. వ్యర్థాల నుంచి పుట్టే ఈ విషాలను హాని తక్కువైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆలోగా రొయ్యలను వదలకపోవడమే మంచిది. నీళ్లు మార్చిన రోజే చావులు మొదలైతే నల్లా నీటిలోని క్లోరిన్‌ను అనుమానించి, ఇకపై యాంటీ క్లోరిన్ కలిపిన నీటినే పోయాలి.

రోజుకో రెండు రోజులకో ఒకటి చొప్పున, అందులోనూ నీళ్లు మార్చిన మర్నాడో ఆ పైరోజో చనిపోతుంటే, చిక్కు గుల్ల విడవడంలో ఉండవచ్చు. మెడ దగ్గర ఒంటి చుట్టూ తెల్లని పట్టీ కనిపిస్తే రొయ్య పాత గుల్లలోంచి బయటపడలేక చనిపోతున్నట్టే. కొత్త గుల్లకు కాల్షియం, మెగ్నీషియం కావాలి. ఈ రెండింటినీ కలిపి కొలిచే జీహెచ్ (నీటి కాఠిన్యం) 6 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటే చెర్రీ రొయ్యలకు చాలు. ఇంట్లోని ఆర్వో నీళ్లలో ఈ ఖనిజాలు దాదాపు ఉండవు. బోరు నీళ్లు అందుకు విరుద్ధం. 800 టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం, పీపీఎంలో) ఉన్న బోరు నీళ్లు ఒక పాలు, 50 ఉన్న ఆర్వో నీళ్లు మూడు పాళ్లు కలిపితే సుమారు 240 వస్తుంది; 150 నుంచి 300 వరకు ఫరవాలేదు. అయితే టీడీఎస్ మీటర్‌నొక్కదాన్నే నమ్మరాదు. ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో కాల్షియం, మెగ్నీషియం పోయి వాటి స్థానంలో సోడియం చేరుతుంది గనుక, మీటర్‌లో అంకె పెద్దగానే కనిపించినా గుల్లకు పనికొచ్చేది అందులో ఉండదు. అలాంటి చోట సాఫ్ట్‌నర్‌కు ముందున్న నీటిని పట్టుకోవాలి, లేదా ఆర్వో నీటిలో రొయ్యలకోసం అమ్మే ఖనిజాల పొడి కలపాలి. భీమవరం వైపు చెరువులకు వాడే మినరల్ మిశ్రమాలు ఉప్పునీటి జాతి అయిన వనామీ రొయ్యల కోసం చేసినవి, వాటిని చిటికెడైనా వేయవద్దు.

నీరు ఎంత మంచిదైనా ఒక్కసారిగా మారితే కొన్ని రొయ్యలు సిద్ధం కాకుండానే గుల్ల విడుస్తాయి. కాబట్టి వారానికి పదో వంతు, అంటే 2 లీటర్లకు మించకుండా, తొట్టెలోని వేడిమికి తెచ్చిన నీటిని సన్నని ట్యూబుతో చుక్కలుగా పోయాలి. ఆవిరైన నీటికి బదులు మాత్రం ఆర్వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టెలోనే ఉండిపోతాయి గనుక అక్కడ బోరు నీళ్లు పోస్తే అవి నెలనెలా పేరుకుంటాయి.

ఎండాకాలంలో నీరు 30 డిగ్రీలు దాటితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, రొయ్యలు నీటి పైభాగానికి చేరతాయి. మూత తీసి చిన్న ఫ్యాన్‌ను నీటి ఉపరితలం మీదకు తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

చెర్రీ రొయ్య ఆయుష్షు ఏడాది, రెండేళ్లే గనుక, పెద్దవి ఎప్పుడో ఒకటి పోతూ పిల్లలు బాగా ఎదుగుతుంటే వెదకవలసిన కారణమేమీ లేదు. కొత్తవి తేవాలంటే, చావులు పూర్తిగా ఆగి రెండు మూడు వారాలు గడిచాక నాలుగైదు మాత్రమే తెచ్చి, గంటకు పైగా తొట్టె నీటిని చుక్కలుగా కలుపుతూ అలవాటు చేసి వదలాలి.