ట్రాక్ డేకి డబ్బు కట్టే ముందు

ట్రాక్ డే అంటే డబ్బు కట్టి మన కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది, మన వైపు నుంచి కూడా కార్లు వేసుకుని వెళ్తుంటారు. వెళ్లండి, కానీ ముందు నిర్వాహకులకు ఫోన్ చేయండి.

అంబులెన్స్, ఫైర్ టీమ్ ట్రాక్ పక్కనే ఉంటాయా? "దగ్గర్లోనే ఆసుపత్రి ఉందిలెండి" అన్నారంటే వదిలేయండి. ఒక్కో సెషన్‌కి ఎన్ని కార్లు పంపిస్తారు, కొత్తవాళ్లని వేరేగా ఉంచుతారా అన్నది కూడా అడగాలి. ఓవర్‌టేక్ ఎక్కడ చేయాలి, ఎర్ర జెండా చూపిస్తే ఏం చేయాలి అని పొద్దున్నే బ్రీఫింగ్‌లో చెప్పకుండా నేరుగా ట్రాక్ మీదికి తోలేసే చోట నేనైతే కారు స్టార్ట్ కూడా చేయను.

మామూలు కారు ఇన్సూరెన్స్ రేసింగ్‌కీ, స్పీడ్ టెస్టింగ్‌కీ వర్తించదు, పాలసీ కాగితం తీసి చదవండి.

ఇక కారు సంగతికొస్తే బ్రేక్ ఆయిల్ చాలా ముఖ్యం. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, వరసగా గట్టిగా బ్రేకులేస్తే తొందరగా మరిగి బుడగలొస్తాయి, అప్పుడు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. ఆ ఆయిల్ మార్పించి రెండేళ్లయితే తప్పకుండా మళ్లీ మార్పించండి. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో (సరిగ్గా కావాల్సినంత బిగువే బిగించే పానా) సరిచూడండి, డ్రైవర్ వైపు మ్యాట్ తీసేయండి.