పాత మిలిటరీ కోటు ఎక్కడిదో గుండీ, అస్తరు ముద్రలతో తేలింది (నా అనుభవం)

కర్నూలు పాతబట్టల అంగడిలో కొన్న ఖాకీ ఉన్ని కోటు. భుజం బ్యాడ్జీలు పీకేసినారు, లేబుల్ లేదు. ఫోన్లో ఫొటో పెట్టి వెతకడం, అంగడాయన్ని, దర్జీని అడగడం ఏదీ పనికిరాలేదు.

ముందు ఒక ఇత్తడి గుండీని పొడిబట్టతో తుడిచాను. బ్రాసో, చింతపండు వద్దు, సన్నగీతలు అరిగిపోతాయి. కిరీటం బొమ్మ బయటపడింది. దాని పైవంపులు గుమ్మటంలా లేస్తే సాధారణంగా 1901-1952 మధ్య బ్రిటిష్ రాజుల కాలం. మధ్యలో కుంగితే ఎలిజబెత్ కాలం కావచ్చు, విక్టోరియా కాలమూ కావచ్చు. అశోకుడి సింహాలుంటే 1950 తర్వాతి భారత సైన్యం. నాది గుమ్మటం.

కానీ ఆ కిరీటం బ్రిటన్, ఇండియా, కెనడా అన్నీ వాడినవే. అసలు సంగతి జేబు అస్తరులో ఉంది. అస్తరు తిరగేసి, చీకట్లో టార్చి పక్కవాటంగా కొట్టాలి. నేరుగా కొడితే మాసిన సిరా సరిగా కనపడకపోవచ్చు. మూడు గీతల బాణం, కింద ఇంగ్లీషు 'ఐ' కనిపించాయి. అంటే బ్రిటిషిండియా సర్కారు సరుకు. 'సి' లోపల బాణముంటే కెనడా, 'డబ్ల్యూ', 'డి' మధ్య ఉంటే బ్రిటన్.

అన్ని కోట్లకూ ఇది కుదరకపోవచ్చు. ఉతుకుల్లో ముద్ర పోయుంటుంది. గుండీలు వెనక రింగుతో ఉంటే నిమిషంలో మార్చేయొచ్చు, కాబట్టి ఒక్క గుండీనే నమ్మి ధర కట్టొద్దు.