పిల్లలకు ముక్కు నుంచి రక్తం కారితే: ఎక్కడ నొక్కాలి, ఎంతసేపు నొక్కాలి

రెండేళ్లు దాటిన దగ్గర్నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో ముక్కు నుంచి రక్తం కారడం చాలా మామూలు. అందులో నూటికి 90కి పైగా సందర్భాల్లో రక్తం వచ్చేది లోతు నుంచి కాదు. రెండు రంధ్రాల మధ్య ఉండే గోడకు ముందువైపు, పిల్లవాడి వేలి కొస తగిలేంత దగ్గర్లోనే ఒక చోటు ఉంది. నాలుగైదు రక్తనాళాల సన్నటి కొమ్మలు అక్కడ కలిసి వలలా అల్లుకుని ఉంటాయి. వాటిపైన పొర చాలా పలచన. కాస్త ఎండినా, గోరు గీసుకున్నా చిట్లిపోతుంది. ఆ చోటు బయటి నుంచి రెండు వేళ్లతో నొక్కితే అందుతుంది. ఇంట్లోనే ఆపగలగడానికి కారణం అదే.

ఇంట్లో ఆగకపోతే దానికి కారణం చాలాసార్లు జబ్బు కాదు. నొక్కాల్సిన చోట నొక్కకపోవడం, లేదా నొక్కాల్సినంతసేపు నొక్కకపోవడం.

ముందు కూర్చోబెట్టండి

పడుకోబెట్టకూడదు. కుర్చీలోనో మీ ఒళ్లోనో నిటారుగా కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచాలి. అన్నం పళ్లెంలోకి చూస్తున్నట్టు వంగితే చాలు, మోకాళ్ల దాకా వంచక్కర్లేదు. కింద ఒక గిన్నో పాత తువాలో పెట్టండి. నోట్లోకి వచ్చిన రక్తాన్ని మింగకుండా అందులో ఉమ్మేయమనండి.

మన ఇళ్లలో మొదట జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: తల పైకెత్తించి, నెత్తిన చల్లటి నీళ్లు కొడతారు. తల పైకెత్తితే రక్తం బయటికి కనిపించదు కాబట్టి ఆగిందనిపిస్తుంది. అది ఆగలేదు, గొంతులోకి దిగుతోంది. కడుపులో రక్తం చేరితే వికారం పుట్టి, భళ్లున వాంతి కావచ్చు. ఆ వాంతిలో కాఫీ డికాక్షన్ రంగు ముద్దలు చూసి ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. వాంతి చేసుకునేటప్పుడు ముక్కులో ఒత్తిడి పెరిగి, ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది. మర్నాడు దొడ్డికి నల్లగా వెళ్లినా అది సాధారణంగా మింగిన రక్తమే.

నొక్కే చోటు

ముక్కు పైనుంచి కిందికి వేలితో తడమండి. కళ్ల మధ్య నుంచి సగం దాకా గట్టిగా ఎముక తగులుతుంది. ఆ కింద మెత్తగా వంగే భాగం ఉంటుంది. బొటనవేలు ఒకవైపు, చూపుడు వేలు మరోవైపు పెట్టి ఆ మెత్తటి భాగం మొత్తాన్నీ కలిపి పట్టుకోవాలి. రెండు రంధ్రాలూ పూర్తిగా మూసుకోవాలి, రక్తం ఒకవైపు నుంచే వస్తున్నా సరే. దూలం మీద, అంటే ఎముక దగ్గర ఎంత నొక్కినా ఉపయోగం లేదు. ఎముక వంగదు కదా, లోపలి నాళం మీద ఒత్తిడి పడదు. మరీ కొస మాత్రమే గిల్లినట్టు పట్టుకున్నా చాలదు.

ఎంత గట్టిగా అంటే, గాలి ఆడనంత గట్టిగా. ఏడిపించేంత అక్కర్లేదు. నోటితో గాలి పీల్చుకోమని ముందే చెప్పండి, లేకపోతే ఊపిరి ఆడటం లేదని బెదిరి తల విదిలిస్తారు.

నాలుగేళ్ల లోపు వాళ్లు ఊరుకోరు. వాళ్లను మీ ఒళ్లో, వీపు మీ ఛాతీకి ఆనేలా కూర్చోబెట్టుకోండి. ఒక చేయి నుదుటి మీద ఉంచి తల కదలకుండా చూసుకుంటూ రెండో చేత్తో ముక్కు పట్టుకోండి. ఎదురుగా ఫోనులో ఏదైనా బొమ్మల వీడియో పెట్టండి. ఈ పది నిమిషాలకూ ఫోను ఇవ్వడంలో తప్పేమీ లేదు. ఏడుపు తగ్గితే రక్తం కూడా త్వరగా తగ్గుతుంది. పెద్దవాళ్ల ముఖంలో కంగారు చూస్తే ఏడుపు పెరుగుతుంది, కాబట్టి చుట్టూ చేరిన జనాన్ని అవతలికి పంపడం కూడా వైద్యంలో భాగమే.

10 నిమిషాలు, గడియారం చూసి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ఒక నిమిషం నొక్కి, ఆగిందేమోనని వదిలి చూస్తారు. మళ్లీ నొక్కుతారు, మళ్లీ వదులుతారు. అప్పుడే కట్టడం మొదలైన పచ్చి గడ్డ ప్రతిసారీ కదిలిపోతుంది. అరగంట గడిచినా ఆగదు, ఆస్పత్రికి పరిగెడతారు. ఫోనులో 10 నిమిషాలకు టైమర్ పెట్టి, అది మోగేదాకా వేళ్లు తీయకండి. మనసులో లెక్కపెట్టుకుంటే మూడు నిమిషాలే పదిలా అనిపిస్తాయి.

టైమర్ మోగాక నెమ్మదిగా వదలండి. ఇంకా కారుతుంటే వేళ్లు కాస్త సరిచేసుకుని మరో 10 నిమిషాలు. రెండోసారి దాదాపు ఎప్పుడూ ఆగిపోతుంది. మొత్తం 20 నిమిషాలు సరైన చోట, మధ్యలో వదలకుండా నొక్కినా కారుతూనే ఉంటే ఇక ఇంట్లో ప్రయోగాలు చేయకుండా బయల్దేరండి. దారిలో కూడా నొక్కి పట్టుకునే ఉండండి.

ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి బుగ్గ మీదో మెడ వెనకో పెట్టడం వల్ల నష్టం లేదు, పిల్లలకు హాయిగా ఉంటుంది. దానివల్లే రక్తం ఆగుతుందని మాత్రం నమ్ముకోవద్దు. ఐసు పట్టుకునే హడావిడిలో ముక్కు వదిలేస్తే ఉన్నదీ పోతుంది. ఉల్లిపాయ వాసన చూపించడం కూడా ఇలాంటిదే. గరిక రసం, ఉల్లి రసం, నెయ్యి వంటివి ముక్కులో పోయడం మాత్రం మానుకోవాలి. చిట్లిన పొర మండుతుంది, పిల్లవాడు తుమ్ముతాడు, గడ్డ ఊడిపోతుంది. పైగా పోసినది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

దూదీ టిష్యూ పేపరూ ముక్కులో కుక్కకండి. ముందు అడ్డు పడితే రక్తం వెనక్కి, గొంతులోకి దారి చూసుకుంటుంది. దూది పోగులు గడ్డకు అతుక్కుపోయి, లాగినప్పుడు గాయం మళ్లీ తెరుచుకుంటుంది. మందుల షాపుల్లో అడగ్గానే ఇచ్చే ‘రక్తం ఆగే మాత్ర’ కూడా డాక్టర్ చెప్పకుండా పిల్లలకు వేయొద్దు.

రక్తం ఎంత పోయిందో చూసి భయపడుతున్నారా? 14 కిలోల పిల్లవాడి ఒంట్లో సుమారు లీటరు రక్తం ఉంటుంది. రెండు మూడు టీ చెంచాలు, అంటే 10–15 మిల్లీలీటర్లు తెల్ల చొక్కా మీద పడితే ముందంతా తడిసినట్టు కనిపిస్తుంది. ఒంటికి అదేమంత లెక్కలోది కాదు.

ఆగిన తర్వాత

ఆ రోజంతా ముక్కు చీదనివ్వకండి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమనండి. మరీ వేడి పాలు, వేడి సూప్, వేడి నీళ్ల స్నానం ఆ పూటకు వద్దు, వేడికి నాళాలు వెడల్పవుతాయి. గెంతులు, కుస్తీలు ఒక రోజు ఆపాలి. ముక్కు అంచున ఎండిన రక్తం ఉంటే తడి గుడ్డతో బయటే తుడవండి. లోపలి గడ్డను తీసి శుభ్రం చేయాలనుకోవడం, ముఖ్యంగా స్నానం చేయిస్తూ వేలు పెట్టి కడగడం, మళ్లీ రక్తాన్ని పిలవడమే. లోపలి పెచ్చు మాని ఊడటానికి వారం పది రోజులు పడుతుంది. ఒకసారి వచ్చాక అదే వారంలో రెండు మూడు సార్లు రావడానికి కారణం ఆ పెచ్చు ఊడటమే, లేదా దురద పెట్టి పిల్లలు దాన్ని కెలకడమే.

ఆస్పత్రికి ఎప్పుడు

వెంటనే వెళ్లాల్సినవి ముందు చెప్పుకుందాం. రక్తం ధారగా పోతుండటం, పిల్లవాడు పాలిపోయి చెమటలు పట్టడం, మగతగా వాలిపోవడం, ఊపిరికి ఇబ్బంది పడటం. వీటిలో ఏది ఉన్నా 20 నిమిషాల లెక్క చూడక్కర్లేదు, 108కి ఫోన్ చేయండి. తల గట్టిగా తగిలిన తర్వాత ముక్కు నుంచి రక్తంతో పాటు నీళ్లలాంటి ద్రవం కారుతున్నా అంతే.

పడి ముక్కుకు దెబ్బ తగిలితే రక్తం ఆగిపోయినా పని అయిపోలేదు. టార్చి వేసి రెండు రంధ్రాల్లోకీ చూడండి. మధ్య గోడ ఎర్రగానో నీలంగానో ఉబ్బి దారి మూసేస్తుంటే గోడ పొర కింద రక్తం చేరిందన్నమాట. గాలి ఆడటం లేదని, నొప్పి పెరుగుతోందని పిల్లవాడే చెప్తాడు. అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర దాన్ని తీయించాలి. ఆలస్యమైతే లోపలి మృదులాస్థి చచ్చి, ముక్కు మధ్యలో కుంగిపోతుంది. బయటికి వాపు పెద్దగా కనిపించకపోవచ్చు కాబట్టి దీన్ని చాలామంది వదిలేస్తారు.

ఒక్కవైపు నుంచే రక్తం, దాంతో పాటు కుళ్లు వాసన వేసే చీమిడి వస్తుంటే ముక్కులో ఏదో ఇరుక్కుంది. శనగ గింజ, చింతపిక్క, పూస, స్పాంజి ముక్క, ఏదైనా కావచ్చు. పిన్నుతోనో పటకారుతోనో మీరు లాగబోతే ఇంకా లోపలికి పోతుంది. బొమ్మలోనో రిమోట్‌లోనో ఉండే బిళ్ల బ్యాటరీ అని అనుమానం వస్తే మాత్రం క్షణం ఆగొద్దు. తడి తగలగానే అందులోంచి కరెంటు పారి, క్షారం పుట్టి, కొన్ని గంటల్లోనే మధ్య గోడకు చిల్లు పడేంతగా కాలుస్తుంది. ఆ అనుమానం ఉంటే సెలైన్ చుక్కలు కూడా వేయకూడదు.

జ్వరంతో ఉన్న పిల్లలకు ముక్కు నుంచి రక్తం వస్తే వానాకాలంలో డెంగీని తప్పక గుర్తుంచుకోవాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం తోడైతే అదే పూట ఆస్పత్రికి. ఈ లోపల జ్వరానికి పారాసెటమాల్ తప్ప మరేదీ ఇవ్వకండి. పిల్లల సిరప్‌లలో పారాసెటమాల్‌తో ఇబుప్రొఫెన్ కలిపినవి చాలా ఉన్నాయి, సీసా మీద పేరు చదవండి. ఆస్పిరిన్ పిల్లలకు డాక్టర్ చెప్తే తప్ప వాడేది కాదు.

అంత అత్యవసరంగా కనిపించకపోయినా ఆలస్యం చేయకుండా చూపించాల్సినవి: రెండేళ్ల లోపు బిడ్డకు ముక్కు నుంచి రక్తం రావడం (ఆ వయసులో ఇది అరుదు, అందుకే కారణం వెతకాలి), వారాల తరబడి మళ్లీ మళ్లీ రావడం, ఒంటి మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, సూది మొనంత ఎర్ర చుక్కలు, పళ్లు తోముకుంటే రక్తం. డాక్టర్ ప్లేట్‌లెట్లతో సహా రక్త పరీక్ష రాయొచ్చు. ఇంట్లో ఎవరికైనా పన్ను పీకిస్తే గంటల తరబడి రక్తం ఆగలేదా, తల్లికి నెలసరిలో రక్తస్రావం మరీ ఎక్కువా అన్నవి చెప్పండి. మేనరికమైతే అదీ చెప్పాలి. కొన్ని అరుదైన ప్లేట్‌లెట్ లోపాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడతాయి. వెళ్లే ముందు ఏ వైపు నుంచి వచ్చింది, ఎన్ని నిమిషాలు నొక్కాక ఆగింది, ఏయే తేదీల్లో వచ్చింది రాసుకెళ్తే సగం పని అయినట్టే.

మళ్లీ రాకుండా

ఎండాకాలం రాగానే ‘వేడి చేసింది’ అని సబ్జా నీళ్లు, మజ్జిగ పడతారు. తాగనివ్వండి, మంచిదే. కానీ ఎండిపోయింది ముక్కు లోపలి పొర. తడి అందాల్సింది అక్కడ. వడగాలికి, ఏసీ గదిలో నిద్రకు, తెలంగాణ జిల్లాల్లో సంక్రాంతి ముందటి పొడి చలికి ఆ పొర బీటలు వారుతుంది. ఈ విషయంలో మన గడ్డి కూలర్ ఏసీ కంటే నయం, అది గాలికి తేమ కలుపుతుంది. అమెరికాలో చలికాలం హీటర్లు నడిచే ఇళ్లలో ఉండేవాళ్లకు హ్యూమిడిఫయర్ పనికొస్తుంది, నీళ్లు రోజూ మార్చి కడిగితేనే. లేకపోతే బూజు పట్టి అలర్జీ మొదలవుతుంది, అలర్జీకి ముక్కు నలుపుకోవడం, దానికి మళ్లీ రక్తం.

రక్తం ఆగిన మర్నాటి నుంచి ఒకటి రెండు వారాలు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వాసెలిన్ రాయండి. ఒక్కో రంధ్రానికి బియ్యపు గింజంత చాలు. శుభ్రమైన వేలి కొసకు తీసుకుని రంధ్రం అంచున మధ్య గోడ వైపు అద్ది, బయటి నుంచి ముక్కు రెక్కల్ని మెల్లగా ఒత్తి వదలండి, అదే లోపలికి పరుచుకుంటుంది. లోతుగా తోయొద్దు, ఇయర్ బడ్ వాడొద్దు. పాలు తాగే పసివాళ్లకు డాక్టర్‌ను అడక్కుండా రాయొద్దు, జిడ్డు ఊపిరితిత్తుల్లోకి పీల్చుకునే ప్రమాదముంది. మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు రోజుకు రెండు మూడుసార్లు వేయొచ్చు. ముక్కు దిబ్బడ తీసే మందు చుక్కలు వేరు, ఇవే అనుకుని వాటిని వేయకండి.

అలర్జీకి స్టెరాయిడ్ స్ప్రే వాడే పిల్లల్లో రక్తం వస్తుంటే స్ప్రే కొట్టే తీరు చూడండి. మొన మధ్య గోడకేసి ఉంటే రోజూ అదే చోట మందు తగిలి పొర పలచబడుతుంది. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో కొడితే మొన దానంతటదే బయటివైపు, అదే వైపు చెవికేసి తిరుగుతుంది.

వారానికోసారి గోళ్లు కత్తిరించండి. ముక్కులో వేలు పెడితే కొట్టడం వల్ల ఆ అలవాటు పోదు, చాటుకు మారుతుంది అంతే. ముక్కు ఎండకపోతే పెచ్చు కట్టదు, పెచ్చు లేకపోతే కెలకాలనిపించదు, కాబట్టి వాసెలినే ఆ అలవాటుకూ మందు.

ఇవన్నీ నెల రోజులు చేసినా వస్తూనే ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ ఆ నాళాన్ని సిల్వర్ నైట్రేట్ పుల్లతో తాకించి మూసేస్తారు. మత్తు మందు పూసి, కదలకుండా కూర్చోగలిగే పిల్లలకు నిమిషాల్లో అయిపోతుంది. రెండు వైపులా ఒకేసారి చేయించమని పట్టుబట్టకండి. మధ్య గోడకు ఒకేచోట రెండు పక్కలా రక్తం అందకపోతే చిల్లు పడొచ్చు, అందుకే వారాల ఎడంతో చేస్తారు.

తరచూ వచ్చే పిల్లవాడైతే బడిలో టీచర్‌కు, అంగన్‌వాడీలో ఆయమ్మకు ఈ పద్ధతి ఒకసారి చేసి చూపించండి, నోటితో చెప్తే తల పైకెత్తించడమే గుర్తుంటుంది. సంచిలో ఒక చేతి రుమాలు, మార్చుకోవడానికి చొక్కా పెట్టండి. రక్తం పడిన యూనిఫాంను చల్లటి నీళ్లలో నానబెట్టి సబ్బు పెట్టండి, వేడి నీళ్లు పోస్తే మరక గుడ్డకు పట్టేసి వదలదు.